కొట్టంలో ఆగిపోయిన యెజ్డీ

"నాలుగు వేలు. ఇంగ రూపాయి ఎక్కువ రాదు సార్. ఇనుము లెక్కనే ఇది."

గుజిరీ ఆయన బండి చుట్టూ ఒక రౌండ్ తిరిగి తేల్చేశాడు. మా నాయన ఏమీ అనలేదు. భుజమ్మీద తువ్వాలు సర్దుకుని ఇంట్లోకి వెళ్లిపోయాడు. అమ్మ మాత్రం గడప దగ్గర నుంచే అంది: "ఇచ్చెయ్ రా. జాగా అన్నా మిగుల్తుంది."

నేను ఇవ్వలేదు.

ఎందుకు ఇవ్వలేదని అప్పుడు అడిగి ఉంటే పెద్ద కారణమేమీ చెప్పలేకపోయేవాణ్ని. రెండు వారాల ముందు బెంగళూరులో ఒక సిగ్నల్ దగ్గర పాత జావాలు, యెజ్డీలు వరసగా పోతుంటే చూశా. ఏటా జూలై రెండో ఆదివారాన్ని ఆ బండ్ల ప్రేమికులు అంతర్జాతీయ జావా దినంగా జరుపుకుంటారట. ఆ రోజు 2022 జూలై 10. ఆ చప్పుడు, ఆ పొగ వాసన తగలగానే నాకు ట్రాఫిక్ కనిపించలేదు. హిందూపురంలో మా కొట్టం కనిపించింది. పెట్రోలు ట్యాంకు మీద కూర్చుని, రెండు చేతులతో హ్యాండిల్ పట్టుకుని, బండి నేనే నడుపుతున్నానని నమ్మిన ఐదేళ్ల పిల్లోడు కనిపించాడు.

ఆ బండి ఇప్పుడు తూకానికి పోతోంది. మనసొప్పలేదు. అంతే.

ఆవులు పోయాక మిగిలిన గ్యారేజీ

మా గ్యారేజీ అంటే యూట్యూబ్‌లో చూసే గ్యారేజీ కాదు. గోడకు పనిముట్లు వరసగా తగిలించి, కింద టైల్స్ మెరుస్తూ ఉండే రకం అసలే కాదు. అది ఒకప్పటి పశువుల కొట్టం. మూడు పక్కల రాతి గోడ, పైన రేకులు, కింద బండపరుపు. ఓ మూల ఇంకా రాతి గాడి ఉంది. ఆవుల్ని అమ్మేశాక అందులో పాత మంచాలు, చింతపండు బుట్టలు, చివరికి ఈ బండి చేరాయి.

నాయన పశువుల ఆస్పత్రిలో కాంపౌండర్‌గా చేసి రిటైరయ్యాడు. హిందూపురం, లేపాక్షి, చిలమత్తూరు చుట్టుపక్కల ఊళ్లలో ఆయన్ని పేరుతో పిలిచేవాళ్లు తక్కువ, 'యెజ్డీ సార్' అనేవాళ్లే ఎక్కువ. అర్ధరాత్రి ఎవరి ఆవో ఈనలేక అవస్థ పడుతోందని కబురొస్తే, మందుల సంచి ట్యాంకు మీద పెట్టుకుని బయల్దేరేవాడు. 1988లో కొన్నాడు ఆ బండి. నేను పుట్టింది కూడా అదే ఏడాది. అందుకే ఇంట్లో ఒక జోకు ఉండేది. నాకు జ్వరమొస్తే అమ్మ చూస్తుంది, బండికి జ్వరమొస్తే నాయన చూస్తాడని.

2004లో అది ఆగిపోయింది. ఆ జూన్‌లో నేను ఇంటర్ హాస్టల్లో చేరా. చిలమత్తూరు వైపు ఒక పెళ్లికి వెళ్లి వస్తుంటే, లేపాక్షి దాటాక దిగుడులో గొర్రెల మంద అడ్డమొచ్చిందట. నాయన పక్కకి తిప్పాడు, ఇద్దరూ గుంతలో పడ్డారు. నాయనకు చేతులు గీసుకుపోయాయి. అమ్మ ఎడమ కాలు మోకాలి కింద విరిగింది. రాడ్ వేశారు. ఇప్పటికీ అమ్మ మెట్లు ఎక్కాలంటే గోడ పట్టుకుంటుంది.

ఆ తర్వాత నాయన ఆ బండి ఎక్కలేదు. అమ్మలేదు కూడా. కొట్టంలో పెట్టి, పాత చీర కప్పి, వచ్చేశాడు. ఎవరైనా అడిగితే ఒకటే మాట: "గొర్రెలు అడ్డమొచ్చినాయి."

ఇంతకీ ఈ యెజ్డీ ఎక్కడిది?

ఇప్పుడు షోరూముల్లో యెజ్డీ పేరు చూసినవాళ్లు అది కొత్త కంపెనీ అనుకోవచ్చు. దాని కథ పాతది. 1929లో చెకోస్లొవేకియాలో జానెచెక్ అనే ఆయన వాండరర్ కంపెనీ మోటార్‌సైకిల్ విభాగాన్ని కొన్నాడు. రెండు పేర్లలోని మొదటి అక్షరాలు కలిపితే 'జావా' అయింది. ఆ బండ్లను 1961 నుంచి మన పొరుగునే మైసూరులో ఐడియల్ జావా కంపెనీ తయారు చేసింది. 1970లలో అదే కంపెనీ తన బండ్లకు 'యెజ్డీ' అని పేరు పెట్టుకుంది. 1978లో రోడ్‌కింగ్ మోడల్ వచ్చింది. మా నాయనది అదే. 1996లో ఫ్యాక్టరీ మూతపడింది. 2018లో జావా, 2022లో యెజ్డీ పేర్లు మళ్లీ మార్కెట్లోకి వచ్చాయి కానీ ఈ కొత్తవన్నీ ఫోర్ స్ట్రోక్ ఇంజిన్లు. పాతది టూ స్ట్రోక్.

తేడా ఏంటంటే, టూ స్ట్రోక్ ఇంజిన్‌కు వాల్వులు ఉండవు. పెట్రోల్లోనే ఆయిల్ కలిపి పోయాలి. ఆ ఆయిలే లోపల పిస్టన్‌ను, బేరింగుల్ని తడుపుతూ, కాలిపోతూ, పొగగా బయటికి వస్తుంది. మా బండికి ఉన్నది ఒకటే సిలిండర్, సైలెన్సర్లు మాత్రం రెండు. ఇంకో తమాషా, గేరు రాడ్డూ కిక్కు రాడ్డూ రెండూ ఒకటే. లోపలికి నొక్కి పైకి లేపితే కిక్కు, కిందికి దించితే గేరు. కొత్తవాడు ఎవడైనా బండి దొంగతనం చేయాలనుకుంటే ముందు కిక్కు రాడ్ ఎక్కడుందో వెతుక్కోవాలి!

పెరుగు డబ్బాలు, చింతపండు నీళ్లు

నేను బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నా. శుక్రవారం సాయంత్రం రైలెక్కితే రెండు గంటల్లో హిందూపురం. అలా శనివారం, ఆదివారం నా గ్యారేజీ రోజులయ్యాయి.

మొదటి శనివారం చీర తీశా. సీటు ఎలుకలు తినేశాయి. వైర్లు కూడా. టైర్లు పగుళ్లిచ్చి, నేలకు అతుక్కుపోయాయి. ట్యాంకు లోపల టార్చి వేస్తే ఎర్రటి పొరలు. కిక్కు కొడితే రాడ్ కదల్లేదు, ఇంజిన్ జామ్.

కానీ నేను భయపడినంత తుప్పు లేదు. దేశంలో వాన బాగా తక్కువ పడే ప్రాంతాల్లో మాదొకటి. పంటలకు శాపమైన ఆ పొడి గాలే మా బండిని కాపాడింది. సముద్రం పక్క ఊళ్లో అయితే ఈపాటికి ఫ్రేము పొడిపొడి అయ్యేది. చెయిన్ సంగతి చూస్తే ఇంకా ఆశ్చర్యం. ఈ బండికి చెయిన్ చుట్టూ పూర్తిగా మూసిన కవర్ ఉంటుంది. విప్పి చూస్తే లోపల గ్రీజు గట్టిపడి ఉందే కానీ చెయిన్ బాగానే ఉంది.

పని మొదలుపెట్టాక నేర్చుకున్న మొదటి పాఠం: ఏదైనా విప్పే ముందు ఫొటో తీయాలి. విప్పాక ఇంకో ఫొటో. 'గుర్తుంటుందిలే' అనుకున్న బోల్టు నెల తర్వాత గుర్తుండదు. అమ్మ దాచిపెట్టిన ఖాళీ పెరుగు డబ్బాలు పట్టుకొచ్చి, ఒక్కో భాగానికి ఒక్కోటి కేటాయించా. మూత మీద మార్కర్‌తో 'క్లచ్ పక్క', 'ముందు చక్రం', 'ఏమో తెలీదు' అని రాసుకున్నా. మూడో డబ్బానే ముందు నిండిపోయింది.

జామైన ఇంజిన్‌ను సుత్తితో కొట్టాలనిపిస్తుంది. కొట్టకూడదు. స్పార్క్ ప్లగ్ తీసి, ఆ రంధ్రంలో డీజిల్, ఇంజిన్ ఆయిల్ కలిపి పోసి వదిలేశా. వారం తర్వాత వచ్చి బండిని టాప్ గేర్లో పెట్టి, వెనక చక్రాన్ని చేత్తో మెల్లగా అటూ ఇటూ ఆడించా. కదల్లేదు. మళ్లీ పోశా. మూడో వారం 'టిక్' మని చిన్న చప్పుడు. చక్రం వేలెడంత తిరిగింది. పరీక్ష పాసైనప్పుడు కూడా నేనంత గట్టిగా అరవలేదు.

అప్పటిదాకా కొట్టం వైపు రాని నాయన ఆ అరుపుకు వచ్చాడు. గుమ్మంలో నిలబడి చూశాడు. "క్రాంక్ సీళ్లు మార్చకుండా స్టార్ట్ చేయొద్దు" అని ఒక్క మాట చెప్పి వెళ్లిపోయాడు.

ఆ మాటలో చాలా విషయముంది. టూ స్ట్రోక్ ఇంజిన్ అడుగున క్రాంక్‌కు రెండు వైపులా రబ్బరు సీళ్లు ఉంటాయి. ఏళ్ల తరబడి నిలబడితే అవి ఎండి గట్టిపడతాయి. అప్పుడు బయటి గాలి లోపలికి దూరుతుంది. గాలి ఎక్కువై పెట్రోలు, ఆయిల్ తగ్గితే ఇంజిన్ వేడెక్కి పిస్టన్ మళ్లీ పట్టేస్తుంది. 'పాత బండి స్టార్టయింది' అని వీడియో పెట్టి, పది కిలోమీటర్లు పోగానే ఇంజిన్ పోగొట్టుకునేది ఇందుకే.

తుప్పు పట్టిన చిన్న చిన్న సామాన్లకు మాత్రం మందు మా ఊళ్లోనే దొరికింది. హిందూపురం అంటే బెల్లం, చింతపండు మార్కెట్లు. ఇత్తడి చెంబుల్ని చింతపండుతో తోమే అమ్మ, ఓ రోజు నా బోల్టుల గిన్నె చూసి, ఏమీ అనకుండా ఒక ముద్ద అందులో పడేసి పోయింది. రెండు రోజులు నాననిచ్చి బ్రష్‌తో రుద్దితే తుప్పు చాలావరకు వదిలింది. చింతపండులోని పులుపే తుప్పును కరిగిస్తుంది. అయితే కడిగిన వెంటనే ఆరబెట్టి నూనె రాయాలి, లేకపోతే గంటలో కొత్త తుప్పు వస్తుంది. ట్యాంకుకు మాత్రం వెనిగర్ పోసి, గుప్పెడు నట్లు వేసి, అరగంట ఊపి, సోడా నీళ్లతో కడిగా. మర్నాడు భుజాలు లేవలేదు.

మైసూరులో అడిగిన ఒక ప్రశ్న

సామాన్ల కోసం బెంగళూరు జేసీ రోడ్డులో ఎన్ని అంగళ్లు ఎక్కానో లెక్క లేదు. కొన్ని దొరికాయి: సీళ్లు, కేబుళ్లు, క్లచ్ ప్లేట్లు. సిలిండర్ బోరు అరిగింది కాబట్టి దాన్ని లేత్‌లో రీబోర్ చేసి, పావు మిల్లీమీటరు పెద్ద పిస్టన్ వేయాలి. పిస్టన్ ఎక్కడ దొరుకుతుందని అడిగితే ఒక అంగడి ఆయన "మైసూరుకే పోండి సార్" అన్నాడు.

పోయా. యెజ్డీ పుట్టిన ఊరు ఎలా ఉంటుందో చూడాలని కూడా ఉండింది. ఫ్యాక్టరీ నడిచింది యాదవగిరిలో, రైల్వే స్టేషన్‌కు దగ్గరే. పెద్ద చెట్ల నీడలో ప్రశాంతమైన వీధులు. ఒకప్పుడు ఇక్కడి నుంచే బండ్లు రైలెక్కి దేశమంతా పోయాయంటే నమ్మబుద్ధి కాదు. మా నాయన బండి ఇంజిన్ నంబర్ కొట్టింది ఇక్కడే కదా అనుకుంటూ కాసేపు ఊరికే తిరిగా.

సాయంత్రం ఒక చిన్న షెడ్డులో ఒక పెద్దాయన్ను కలిశా. ఫ్యాక్టరీ మూసే దాకా అందులో పనిచేశారట. డెబ్బై దాటిన మనిషి. చేతి గోళ్లలో గ్రీజు ఇంకా అలాగే ఉంది. హిందూపురం వాళ్లం కాబట్టి నాకు కన్నడ కష్టం కాలేదు. ఫోన్లో నా ఫొటోలన్నీ చూపించా: ట్యాంకు, ఇంజిన్, ఎర్ర రంగు వేయాలనుకున్న డిజైన్. ఆయన ఓపిగ్గా చూసి, ఫోన్ తిరిగిచ్చి, ఒకటే అడిగారు.

"ఈ బండి ఎందుకు ఆగింది?"

"ఆక్సిడెంట్ అయింది సార్. గొర్రెలు అడ్డమొచ్చాయి."

"గొర్రెలు అడ్డమొస్తే బ్రేకు వేస్తారు కదా?"

నా దగ్గర జవాబు లేదు.

ఆయన పిస్టన్ సంగతి చూసుకుంటానని చెప్పి, కాఫీ తాగించి పంపుతూ అన్న మాట ఇది. పాత బండి తెచ్చినోళ్లంతా ముందు రంగు గురించే అడుగుతారట. ఎందుకు ఆగిందో ముందు కనుక్కొని, అక్కడి నుంచే మొదలుపెట్టమన్నారు. నడిపించే భాగం కంటే ఆపే భాగం ముందు బాగుచేయమన్నారు.

తిరుగు ప్రయాణంలో రైలు కిటికీ పక్కన కూర్చుని నా ఫొటోల ఆల్బమ్ మళ్లీ మొదటి నుంచి చూశా. నాలుగొందలకు పైగా ఫొటోలు. ఇంజిన్, కార్బురేటర్, వైరింగ్ అన్నీ ఉన్నాయి. వెనక బ్రేకు డ్రమ్ము ఫొటో ఒక్కటీ లేదు. అసలు నేను దాన్ని విప్పనేలేదు.

డ్రమ్ము లోపల

ఆ ఆదివారం పొద్దున్నే వెనక చక్రం ఊడదీశా.

డ్రమ్ములో రెండు బ్రేక్ షూలు ఉంటాయి, చంద్రవంకల్లా. వాటి మీద లైనింగ్ అనే పదార్థం అతికించి ఉంటుంది. బ్రేకు తొక్కితే షూలు విచ్చుకుని ఆ లైనింగ్ డ్రమ్ముకు ఒరుసుకుంటుంది, చక్రం ఆగుతుంది. ఇంతకు మించి అందులో మర్మమేమీ లేదు.

మా బండి షూల మీద లైనింగ్ లేదు. ఒక అంచున కాస్త పొర మిగిలింది. మిగతా చోట్ల రివిట్ల తలలు బయటపడి ఉన్నాయి. డ్రమ్ము లోపల గోరు పెడితే దిగేంత లోతుగా గాళ్లు పడ్డాయి. ఒక్క రోజులో అయ్యే అరుగుదల కాదది. చాలా రోజులు ఇనుము ఇనుముకే ఒరుసుకుంది. తొక్కిన ప్రతిసారీ కీచుమని చప్పుడు వచ్చే ఉంటుంది.

తలెత్తి చూస్తే నాయన గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఎంతసేపటి నుంచి ఉన్నాడో తెలీదు. వచ్చి నా పక్కన రాతి గాడి మీద కూర్చున్నాడు. షూ ఒకటి చేతిలోకి తీసుకుని బొటనవేలితో రివిట్లు తడిమాడు.

"రెండొందల పని రా ఇది" అన్నాడు కాసేపటికి. "రేపు మారుస్తాం, ఎల్లుండి మారుస్తాం అనుకుంటా ఉంటి. దుడ్లు లేక కాదు, తీరిక లేక కూడా కాదు. రోజూ నడిచే బండి కదా, నడుస్తాది లే అనుకుంటి."

నేనేమీ మాట్లాడలేదు.

"గొర్రెలు వచ్చింది నిజమే. కానీ బ్రేకు పట్టి ఉంటే ఆగుండు. మీ అమ్మకు ఇది నేను ఎప్పుడూ చెప్పలే."

పద్దెనిమిదేళ్ల నుంచి ఈ మనిషి బండిని ఎందుకు అమ్మలేదో, ఎందుకు ముట్టుకోలేదో ఆ ఒక్క మాటతో అర్థమైంది. నిర్లక్ష్యంగా వదిలేశాడని అందరం అనుకున్నాం. నిజానికి ఆయన ఒకే ఒక్కసారి నిర్లక్ష్యం చేశాడు. ఆ తర్వాతిదంతా దాని శిక్షే.

ఆ రాత్రి అమ్మ వంటింట్లో చపాతీలు కాలుస్తుంటే పక్కన నిలబడ్డా. ఎలా మొదలుపెట్టాలో తెలీలేదు. చెప్పడం నా పనా, కాదా అని కూడా అనుమానమే. తానే అడిగింది.

"బ్రేకు చూసినావా?"

నా మొహం చూసి నవ్వింది. "నాకు తెల్సులే. ఆ పొద్దు చిలమత్తూరుకు పోయేటప్పుడే వెనకాల కూర్చోని వింటి, కీచుకీచుమని. మార్పించుకో అని చెప్పల్ల అనుకుంటి. పెండ్లి హడావిడిలో నేనూ మర్చిపోతి. తప్పు ఆయప్ప ఒక్కడిదేనా?"

"మరి ఇన్నేళ్లు ఎందుకు చెప్పలేదమ్మా?"

"ఆయన చెప్తే కదా నేను చెప్పేది" అంది, చపాతీ తిప్పుతూ.

వాళ్లిద్దరూ ఎప్పుడు మాట్లాడుకున్నారో నాకు తెలీదు. అడగలేదు కూడా. వచ్చే శనివారం నేను వచ్చేసరికి కొట్టంలో కొత్త బల్బు వెలుగుతోంది. నాయన లుంగీ పైకి కట్టుకుని కార్బురేటర్ జెట్లు పెట్రోల్లో కడుగుతున్నాడు. పక్కన బెంచీ మీద ఒక పాత హార్లిక్స్ సీసా మూత. అందులో బండి తాళంచెవి. పోయిందని ఇన్నేళ్లూ అనుకున్న అసలు తాళంచెవి.

"అమ్మ ఇచ్చింది" అన్నాడు నాయన. "బియ్యం డబ్బాలో దాచిపెట్టిందంట."

రంగు చివర

అక్కడి నుంచి పని వేగం మారింది. లెక్క కూడా మారింది. నా లిస్టులో మొదట ఉన్న రంగు చివరికి పోయింది. రెండు చక్రాల బ్రేకులు, కేబుళ్లు, టైర్లు, స్పోకులు, లైట్లు ముందుకొచ్చాయి. డ్రమ్ము లేత్‌కు పంపి గాళ్లు తీయించాం. కొత్త లైనింగ్ వేయించాం. మైసూరు పెద్దాయన పంపిన పిస్టన్, రీబోర్, సీళ్లు, బేరింగులు అన్నీ నాయన చెబుతుంటే నేను బిగించా. ఆయనకు మోకాళ్ల నొప్పులు, కింద కూర్చోలేడు. నాకు చెవి లేదు, చప్పుడు విని ఏం తేడానో చెప్పలేను. ఇద్దరం కలిస్తే ఒక మెకానిక్ అయ్యాం.

మీలో ఎవరికైనా ఇంట్లో పాత బండి ఉండి, ఇదే ఆలోచన ఉంటే ఒక మాట. స్పానర్ కంటే ముందు ఆర్‌సీ వెతకండి. సొంత వాహనాలకు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు ఉంటుంది. ఆ తర్వాత ఐదేళ్లకోసారి రెన్యువల్, దానికి 25వ నంబరు ఫారం. బండి యజమాని చనిపోయి ఉంటే వారసుల పేరు మీదకు మార్చుకోవడానికి 31వ నంబరు ఫారం. 2021లో వచ్చిన వింటేజ్ నిబంధనలు 50 ఏళ్లు దాటిన బండ్లకు మాత్రమే. మా బండికి ఆ వయసు లేదు. కాబట్టి మామూలు దారిలోనే, ట్రాలీ ఆటోలో ఎక్కించుకుని తనిఖీకి తీసుకెళ్లాం. కాగితాలకు పట్టిన ఓపిక ఇంజిన్‌కు కూడా పట్టలేదు. అయినా కాగితం లేని బండికి లక్ష పెట్టినా అది బొమ్మే.

ఖర్చు ఎంతని అడుగుతారు. అరవై వేలకు కాస్త అటూ ఇటూ. ఆ డబ్బుకు నడిచే సెకండ్ హ్యాండ్ బండి వచ్చేది. లాభం కోసం ఈ పనిలో దిగొద్దు.

ట్యాంకు రంగు మాత్రం కొత్తగా వేయించలేదు. కడిగి, పాలిష్ పెట్టి వదిలేశాం. మందుల సంచి ఒరుసుకుని ఒక చోట రంగు పోయి ఉంటుంది. దాన్ని కప్పేయాలనిపించలేదు.

2023 వినాయక చవితి మరుసటి ఆదివారం, లీటరు పెట్రోలుకు 40 మిల్లీలీటర్ల ఆయిల్ కలిపి పోశాం. నాయన ఒక కిక్కు కొట్టమన్నాడు. ఏమీ లేదు. చోక్ చూడమన్నాడు. రెండు, మూడు, నాలుగు. పదకొండో కిక్కుకు ఒకసారి తుమ్మి ఆగింది. పన్నెండోదానికి పట్టుకుంది. కొట్టమంతా తెల్లటి పొగ. రేకుల మీద పావురాలు లేచిపోయాయి. నాయన చెయ్యి ఎత్తి యాక్సిలరేటర్ తగ్గించమని సైగ చేసి, తల ఒక పక్కకి వంచి, కళ్లు మూసుకుని విన్నాడు.

"బానే ఉంది" అన్నాడు. "గొంతు మారలే."

అమ్మ గడప దాటి రాలేదు. కానీ లోపలికీ వెళ్లలేదు.

లేపాక్షి దాకా

దసరా ఆయుధ పూజ రోజు బండికి పసుపు కుంకుమ పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాం. మర్నాడు పొద్దున ఆరింటికి నేను ముందు, నాయన వెనక. జీవితంలో మొదటిసారి ఆయన్ని వెనక కూర్చోబెట్టుకుని నేను ఆ బండి నడిపా.

హిందూపురం నుంచి లేపాక్షి 15 కిలోమీటర్లే. కొత్త పిస్టన్ కాబట్టి నలభై దాటనీయకూడదు. మెల్లగా పోతే ఆ దారి ఎంత బాగుంటుందో! అటూ ఇటూ చింత చెట్లు, దూరంగా బోడి గుట్టలు, మల్బరీ తోటలు, పొద్దున్నే మేతకు పోతున్న ఆవులు. ఒక ఊరి దగ్గర ఓ ముసలాయన మా చప్పుడు విని చేతికర్ర ఎత్తి ఆపాడు. నన్ను చూడలేదు. వెనక్కి చూసి, "యెజ్డీ సారూ! బతికే ఉండావా?" అన్నాడు. నాయన దిగి, ఆయన చెయ్యి పట్టుకుని, ఎప్పుడో చచ్చిపోయిన ఒక ఎద్దు గురించి పది నిమిషాలు మాట్లాడాడు.

లేపాక్షిలో అందరూ ముందు వీరభద్రస్వామి గుడికి, వేలాడే స్తంభం కిందికి గుడ్డ దూర్చి చూడ్డానికి పోతారు. మేం నంది దగ్గర ఆగాం. ఒకే రాయిలో చెక్కిన నంది. పొడవు 27 అడుగులు, ఎత్తు 15. మెడలో గంటలు, హారాలు, మూపురం మీద ముడతలు కూడా చెక్కారు. నాయన ఉద్యోగంలో ఉన్నప్పుడు ఈ దారిన పోయిన ప్రతిసారీ ఇక్కడ ఆగి టీ తాగేవాడట. "నేను సూది వేయాల్సిన పని లేని ఎద్దు ఇదొక్కటే" అన్నాడు.

టీ తాగాక అడిగా. "ఆ దిగుడు దాకా పోదామా నాయనా?"

కాసేపు ఆలోచించాడు. "పోదాం పద."

లేపాక్షి దాటి చిలమత్తూరు దారిలో ఆ దిగుడు వచ్చింది. పెద్దదేమీ కాదు. కారులో పోతే అసలు తెలీదు. గుంత ఉన్న చోట ఇప్పుడు కంపచెట్లు మొలిచాయి. నేను ముందు బ్రేకు, వెనక బ్రేకు కలిపి మెల్లగా నొక్కా. బండి ఏ చప్పుడూ లేకుండా, తిన్నగా, ఎక్కడ ఆపాలనుకున్నానో అక్కడే ఆగింది. వెనక నుంచి నా భుజమ్మీద నాయన చెయ్యి ఒకసారి బిగిసి, వదిలింది.

ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు. బండి తిప్పుకున్నాం.

ఇంటికొచ్చేసరికి తొమ్మిదయింది. చప్పుడు వీధి మొదట్లోనే వినిపించి ఉంటుంది. అమ్మ గేటు దగ్గర గోడ పట్టుకుని నిలబడి ఉంది. ఎక్కడిదాకా పోయారని అడగలేదు. ఎంత మైలేజీ అని అడగలేదు. నన్ను అసలు చూడనే లేదు. నాయన వైపే చూసి అడిగింది.

"బ్రేకు పట్టిందా?"

"పట్టింది" అన్నాడు నాయన.

"ఐతే కాళ్లు కడుక్కోని రాండి. దోసెలు పోస్తా."